స్లాబుల్లోని సెయింట్-గాడెన్స్ బంగారు నాణేలు: దీర్ఘకాలం వాడిన తరువాత సమీక్ష

1907 నుంచి 1933 వరకు అమెరికా ముద్రించిన, శిల్పి సెయింట్-గాడెన్స్ రూపకల్పన చేసిన ఇరవై డాలర్ల బంగారు నాణేలను నేను చాలా ఏళ్లుగా సేకరిస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు పరీక్షించి, గ్రేడు వేసి, స్లాబుల్లో, అంటే సీలు చేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో, భద్రపరచినవే. ఆ స్లాబు మీద ఎంతవరకు ఆధారపడవచ్చునన్నదే ఈ సమీక్ష.

నాణెం అసలుదా, నకిలీదా తేల్చడంలో స్లాబు చేసే మేలు అన్నిటికంటే గొప్పది. ఈ నాణెం బరువు సుమారు 33.4 గ్రాములు, అందులో తొంభై శాతం బంగారం. మోసగాళ్లు కూడా తరచుగా సరైన బంగారాన్నే సరైన తూకంలో వాడతారు కాబట్టి తక్కెడ ఒక్కటీ మనల్ని కాపాడలేదు. 1907 నాటి హై రిలీఫ్ (బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉండే) నాణేనికి వచ్చిన ఒక ప్రసిద్ధ నకిలీలో గద్ద గోళ్ల దగ్గర గ్రీకు అక్షరం ఒమేగా (Ω) ఆకారంలో అతి చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని భూతద్దంతో వెతికి పట్టుకోవాలి. అయితే నకిలీ స్లాబులూ తిరుగుతున్నాయి, కనుక దానిపై ఉన్న సంఖ్యను సంస్థ రికార్డుతోనూ, ఫోటో ఉంటే దానితోనూ పోల్చి చూడకుండా డబ్బు చెల్లించకూడదు.

గ్రేడు విషయంలో నా అభిప్రాయం వేరు. ఒకటి నుంచి డెబ్బై వరకు ఉండే ఈ కొలమానంలో అరవై, ఆపైన వచ్చినవాటిని చలామణిలో అరగనివిగా లెక్కిస్తారు. ఈ నాణెంలో అరుగుదల మొదట ముందువైపున్న స్త్రీమూర్తి లిబర్టీ రొమ్ము మీద, మోకాలి మీద కనబడుతుంది. ఒకే దీపం కింద నాణేన్ని నెమ్మదిగా వంచి తిప్పితే మెరుపు చక్రంలా చుట్టూ తిరగాలి. మోకాలి దగ్గర ఆ మెరుపు తెగి, రంగు కాస్త మసకబారితే అది అరుగుదలే. అలాంటి నాణేనికి 58 వస్తుంది. మరోవైపు, సంచుల్లో బ్యాంకుల మధ్య ప్రయాణిస్తూ ఒకదానికొకటి తగిలి, ముఖం నిండా గాట్లు పడిన నాణేనికి 61 రావచ్చు. 1924, 1927 వంటి సులభంగా దొరికే సంవత్సరాల్లో ఈ రెండింటి ధరల్లో పెద్ద తేడా ఉండదు. చూపుకు నిండుగా ఉండేది 58 అని నా గట్టి నమ్మకం, నా పెట్టెలో దానికే పెద్దపీట.

గ్రేడు మనుషుల కళ్లతో వేసేదే. 64గా కొన్న నా నాణెం ఒకటి మరోచోట పరీక్షకు వెళ్లి 63గా తిరిగివచ్చింది, నాణెంలో మాత్రం ఏ మార్పూ లేదు. అరుదైన సంవత్సరాల్లో 65కీ 66కీ మధ్య ధర ఎంతగానో ఎగబాకుతుంది కాబట్టి, ఆ స్థాయిలో ఒక్క అంకె తేడా చాలా బరువైనది. గ్రేడు పొందిన నాణేలను మళ్లీ పరిశీలించే సీఏసీ సంస్థ 2007లో మొదలుపెట్టిన ఆకుపచ్చ స్టిక్కరు, నాణెం తన గ్రేడుకు గట్టిగా తగినదని చెబుతుంది. అక్కడ ఆ స్టిక్కరుకు అదనంగా చెల్లించడం నాకు సమంజసంగానే తోచింది. చవక సంవత్సరాలకు అవసరం లేదు.

లోపాలు లేకపోలేదు. ప్లాస్టిక్ మీద పడే గీతలు నాణెం మీదివేనేమో అన్న అనుమానం కలిగిస్తాయి, పాత స్లాబుల్లో అంచు మీది అక్షరాలూ నక్షత్రాలూ కనిపించవు. రుద్ది శుభ్రం చేసిన నాణేలకు మాత్రం అంకె ఇవ్వకుండా ఆ సంగతినే చీటీ మీద రాయడం ఎంతో మంచి క్రమశిక్షణ. కొత్తగా మొదలుపెట్టేవారు 58 నుంచి 63 మధ్య గ్రేడున్న సాధారణ సంవత్సరం నాణేన్ని, వీలైతే చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పి చూసుకున్నాకే కొనాలని నా సూచన.