ఐరన్‌బ్రిడ్జ్: వంతెన కిందికి దిగి చూడండి

"ఒక్క వంతెన కోసం రాత్రి ఉండటం ఎందుకు నాన్నా, సాయంత్రానికి వచ్చేయవచ్చు కదా" అంది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అమ్మాయి. నేను వినలేదు. నా పంతం మంచిదే అయింది, గది విషయంలో తప్ప.

టెల్ఫర్డ్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. సెవర్న్ నది ఒడ్డున, ఏటవాలు కొండకు అతుక్కుని ఉందీ చిన్న ఊరు. పేరు కూడా వంతెన పెట్టిందే. పోత ఇనుముతో కట్టిన పెద్ద వంతెనల్లో ప్రపంచంలోనే మొదటిది. 1779లో నిలబెట్టి, 1781 జనవరి 1న రాకపోకలకు తెరిచారు.

చాలామంది పైన నడిచి, ఫోటో దిగి వెళ్లిపోతున్నారు. పైనుంచి చూస్తే అది మామూలు రోడ్డే. నది వైపు దిగి, కమాను దగ్గర తల పైకెత్తాలి. ముప్పై మీటర్ల పైచిలుకు కమాను, 378 టన్నుల ఇనుము. ఇనుముతో ఇంత పెద్ద వంతెన కట్టిన అనుభవం అప్పటికి ఎవరికీ లేదు. అందుకే వడ్రంగి కొయ్యను బిగించినట్టే బెజ్జాల్లో దూర్చి, చీలలు కొట్టి బిగించారు. ఆ అతుకులు చూస్తుంటే మా పాత ఇంటి ద్వారబంధం గుర్తొచ్చింది. కట్టించిన ఇనుప కార్ఖానా యజమాని మూడో ఏబ్రహాం డార్బీకి మాత్రం ఖర్చు అంచనా దాటి, అప్పులు జీవితాంతం వదల్లేదట. ఇల్లు కట్టినవాళ్లకు అర్థమవుతుంది!

సుంకం వసూలు చేసిన ఇంటి దగ్గర ధరల బోర్డు తప్పక చదవండి. సైనికులే కాదు, రాజకుటుంబం వచ్చినా కట్టాల్సిందేనని ఉంది. ఇప్పుడు అందరికీ ఉచితం. 1934 నుంచి వాహనాలకు ప్రవేశం లేదు కాబట్టి పిల్లలతో నిశ్చింతగా నడవవచ్చు.

దగ్గర్లోని బ్లిస్ట్స్ హిల్‌లో విక్టోరియా రాణి కాలపు ఊరిని నిలబెట్టారు. అక్కడి బ్యాంకులో ఇప్పటి డబ్బు ఇస్తే పాతకాలపు నాణేలు ఇస్తారు, వాటితో దుకాణాల్లో కొనుక్కోవచ్చు. టిక్కెట్టు ఖరీదే, అయినా సగం రోజు పడుతుంది.

ఇక బస. నది కనిపించే గది అన్నారు, కనిపించింది. మూడో అంతస్తు అని మాత్రం చెప్పలేదు. ఒక మనిషి పట్టే మెట్లమీద పెట్టె మోసేసరికి నడుము పట్టేసింది. ఉదయం టిఫిను బాగుంది. శాకాహారమని ముందే చెబితే పుట్టగొడుగులు, బీన్స్, టోస్టు వేడిగా పెట్టారు. తిరుగు బస్సు బోర్డులో ఉంది, రోడ్డు మీదకు రాలేదు. ముప్పావుగంట చూసి టాక్సీ పిలిచాం.