‘ఎగ్జాక్ట్ ఆన్సర్’ అని అమ్ముతున్న లెక్కల సాఫ్ట్‌వేర్: కొనకముందే ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ట్యూషన్లు చెప్పే లెక్కల మాస్టర్లందరికీ. కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే టైమని ఒక ఏజెంటు ల్యాప్‌టాప్ పట్టుకుని సెంటర్లన్నీ తిరుగుతున్నాడు. ప్లస్ టూ లెక్కలన్నీ స్టెప్పులతో సహా చేసేస్తుంది, ఆన్సర్ ఎగ్జాక్ట్‌గా వస్తుంది అంటాడు. నేను నమ్మి 6,500 కట్టాను. మీరు కట్టకండి.

మాట్రిక్స్ చాప్టర్‌కి ఆన్సర్ షీట్ దాంతోనే తీసి పిల్లలకి పంచాను. అందులో ఒక లెక్క, 1 నుంచి 9 వరకు అంకెలు మూడు వరసల్లో రాసి, దీనికి ఇన్వర్స్ ఉందా అని. చేత్తో దాని డిటర్మినెంట్ తీస్తే −3, +12, −9, కలిపితే సున్నా. డిటర్మినెంట్ సున్నా అయితే ఇన్వర్స్ ఉండదు, లెక్క అక్కడితో అయిపోయింది. ఇదేమో డిటర్మినెంట్ 6.66 × 10⁻¹⁶ అని చూపించి, సున్నా కాదు గనక ఇన్వర్స్ ఉందని రాసి, పదహారేసి అంకెల సంఖ్యలతో ఒక మాట్రిక్స్ కూడా ఇచ్చింది. హెచ్చరిక ఒక్క ముక్క లేదు. ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చే ఒక అమ్మాయి చక్కగా సున్నా తెచ్చుకుంది, కానీ నా షీట్ చూసి తనదే తప్పనుకుని ఆ లెక్క మొత్తం అడ్డంగా కొట్టేసింది. ఆ నోట్‌బుక్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అన్నీ పూర్ణాంకాలే కదా, తేడా ఎక్కడిది అంటారేమో. లోపల వరసలు తగ్గించేటప్పుడు 7తో భాగిస్తుంది. 1/7ని బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, రాస్తే ఎక్కడా ఆగదు, దాన్ని 53 బిట్ల (అంకెల) దగ్గర తెంచేస్తుంది, ఆ తెంపుడే చివర్లో సున్నా బదులు మిగిలింది. ఫ్లోటింగ్ పాయింట్ అంటే ఇదే, అందులో తప్పేమీ లేదు, ప్రపంచమంతా వాడుతోంది. దాన్ని ఎగ్జాక్ట్ అని చెప్పి అమ్మడమే మోసం. ఎగ్జాక్ట్ అంటే 1/7ని పైన 1, కింద 7గా చివరిదాకా అలాగే ఉంచాలి.

ఫోన్ చేస్తే ఏజెంటు “అంత చిన్న తేడాకి ఏమవుతుంది సార్” అన్నాడు. 1991లో సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా వాళ్ల పేట్రియట్ క్షిపణి వ్యవస్థ సెకనులో పదో వంతుని 24 బిట్లకి తెంచి లెక్కపెట్టింది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం 0.34 సెకన్లు తప్పింది, వస్తున్న ఇరాక్ స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. అతనికి ఇదే చెప్పాను, ఫోన్ పెట్టేశాడు.

మీ దగ్గరికి డెమోకి వస్తే 10^16 + 1 − 10^16 కొట్టించండి. 1 రావాలి, నాకు 0 వచ్చింది. తర్వాత పైన చెప్పిన మాట్రిక్స్ ఇవ్వండి. ఈ పనికి మాక్సిమా, సేజ్‌మ్యాథ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఇప్పుడు నేను మాక్సిమానే వాడుతున్నాను. అందులో కూడా 0.1 అని కొడితే ఫ్లోటే, 1/10 అని కొట్టాలి.

డబ్బు వెనక్కి అడిగి మూడు వారాలైంది. రసీదు మీద ‘రిఫండ్ లేదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది, అది కూడా చూసుకోండి.