వైజాగ్‌లో బండికి లిఫ్ట్ వేయించుకునేవాళ్లకి హెచ్చరిక: సీవీ బూటు చిరిగితే తప్పు రాయి మీదకి నెట్టేస్తున్నారు

వీ-క్రాస్, హైలక్స్, ఫార్చూనర్, కొత్త థార్ లాంటి 4x4 బండ్లకి ముందువైపు రెండంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచడం) వేయించుకునేవాళ్లు కొనేముందు ఇది పూర్తిగా చదవండి. లిఫ్ట్ వేసిన కొన్ని నెలలకే ముందు సీవీ యాక్సిల్ (చక్రాన్ని తిప్పే షాఫ్ట్) జాయింటుకి తొడిగిన ముడతల రబ్బరు బూటు చిరుగుతుంది. చక్రం లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్ముతుంది. షాపుకి తీసుకెళ్తే "ఘాట్‌లో రాయి తగిలుంటుంది గురూ" అని కొత్త బూటు వేసి, డబ్బులు తీసుకుని పంపేస్తారు. కొన్నాళ్లకి అదే బూటు మళ్లీ చిరుగుతుంది. లిఫ్ట్ అమ్మినవాళ్లు గ్యారంటీ ఇవ్వరు, కంపెనీ సర్వీసువాళ్లు బండిలో మార్పులు చేయించారు కాబట్టి వారంటీ రాదంటారు. మధ్యలో నష్టపోయేది కొన్నవాళ్లే.

రాయి తగిలిందా, లిఫ్ట్ వల్ల చిరిగిందా అన్నది చూసి చెప్పొచ్చు. రాయి గానీ వెదురు చీలిక గానీ తగిలితే బూటు పైకి ఒకేచోట కోసినట్టు గాటు ఉంటుంది, చుట్టూ రబ్బరు బాగానే ఉంటుంది. లిఫ్ట్‌తో షాఫ్ట్ వాలిన కోణం వల్ల చిరిగిన బూటు వేరు. పక్కపక్క ముడతలు ఒకదాన్నొకటి రాసుకుని నున్నగా మెరుస్తుంటాయి, మధ్యలో సన్నటి నల్లపొడి ఉంటుంది, పగులు ముడత వెంబడి గుండ్రంగా తిరుగుతుంది. రెండోవైపు బూటు కూడా ఇంచుమించు అదే స్థితిలో ఉంటుంది. పాత బూటు పారేయనివ్వకుండా అడిగి తీసుకోండి. మీ దగ్గర ఉండే గట్టి సాక్ష్యం అదే.

కారణం సూటిగా చెప్తాను. ముందు డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకీ శక్తి పంచే గేరుపెట్టె) ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, చక్రం సస్పెన్షన్‌తో కిందికీ పైకీ ఆడుతుంది. లిఫ్ట్ వేస్తే డిఫరెన్షియల్ పైకి పోతుంది, చక్రం నేలమీదే ఉంటుంది, మధ్యలో షాఫ్ట్ వాలుతుంది. షాఫ్ట్ రెండు చివర్ల ఉండే లోపలి జాయింటుకీ బయటి జాయింటుకీ మధ్య 40 సెంటీమీటర్లు అనుకుంటే, 5 సెంటీమీటర్ల లిఫ్ట్‌కి అదనంగా 7 డిగ్రీల వాలు వస్తుంది. ఎప్పుడో గుంటలో దిగినప్పుడు ఆ వాలు వస్తే బూటు తట్టుకుంటుంది. కానీ లిఫ్ట్ తర్వాత బండి హైవే మీద తిన్నగా పోతున్నా ఆ వాలు అలాగే ఉంటుంది. షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒకవైపు ముడతలు నలుగుతాయి, ఎదురువైపు సాగుతాయి. 775 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు కిలోమీటరుకి సుమారు 410 సార్లు తిరుగుతుంది. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లు వేసుకున్నా, ఒక్క పోకకే 47 వేల సార్లు పైచిలుకు.

"మీరు ఎప్పుడూ టూ-వీల్ డ్రైవ్‌లోనే నడుపుతారు కదా, యాక్సిల్ తిరగదు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. హబ్ దగ్గర చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసే ఫ్రీ-వీలింగ్ లాకులు లేని బండిలో చక్రంతో పాటు సీవీ షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. జిమ్నీ, జిప్సీ కొన్నవాళ్లకి ఈ బాధ లేదు. వాటికి ముందు రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి యాక్సిల్, ఇలాంటి ముడతల బూటు ఉండదు.

షాపులు అసలు చెప్పనిది స్పేసర్ గురించి. లిఫ్ట్ అని ఒకే పేరుతో అమ్మేది రెండు రకాలు, రెండింటి ప్రభావం వేరు. చవకది, షాక్ నెత్తిమీద పెట్టే అల్యూమినియం లేదా పాలీయురేథేన్ స్పేసర్. షాక్ కింది ఆర్మ్‌కి (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే కింది చేయి) మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి, అంగుళం మందం స్పేసర్‌కే చక్రం దగ్గర ఇంచుమించు రెండంగుళాల లిఫ్ట్ వస్తుంది. "రెండంగుళాల స్పేసర్", "రెండంగుళాల లిఫ్ట్" ఒకటి కాదని అమ్మేవాడికే తెలియకపోతే అక్కడినుంచి వచ్చేయండి. అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. నెత్తిమీద స్పేసర్ పెడితే షాక్ మొత్తం కిందికి జరుగుతుంది, అంటే చక్రం గాల్లో వేలాడినప్పుడు కంపెనీ పెట్టిన హద్దు దాటి ఇంకా కిందికి దిగుతుంది. అక్కడ బయటి జాయింటు, పై ఆర్మ్ బాల్ జాయింటు రెండూ వాటి చివరికి వెళ్లిపోతాయి, పై ఆర్మ్ స్ప్రింగ్‌కి తగులుతుంది. ఫ్యాక్టరీ పొడవే ఉన్న షాక్‌కి బలమైన స్ప్రింగ్ వేసిన కిట్‌లో ఎత్తు పెరుగుతుంది గానీ చక్రం దిగే హద్దు మారదు. ఖర్చు ఎక్కువైనా బూటుకీ జాయింటుకీ అదే మేలు. పాత పజేరో లాంటి టార్షన్ బార్ (కాయిల్ స్ప్రింగ్ బదులు మెలితిరిగే కడ్డీ) బండ్లలో బోల్టు తిప్పి లేపేది కూడా ఉచితంగా వచ్చిన లిఫ్ట్ కాదు. షాఫ్ట్ వాలు అంతే పెరుగుతుంది, చక్రం కిందికి దిగడానికి చోటు మాత్రం తగ్గిపోతుంది.

డబ్బు కట్టకముందు వీటిని అడగండి, బిల్లు మీద రాయించండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలత, లిఫ్ట్‌కి ముందూ తర్వాతా, రెండువైపులా. సీవీ షాఫ్ట్ వాలు కోణం, ముందూ తర్వాతా. ఫోనులోని లెవెల్ యాప్ షాఫ్ట్ మీద ఆనిస్తే చాలు. చక్రాన్ని గాల్లో పూర్తిగా వేలాడదీసి, పై ఆర్మ్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉందో చూపించమనండి. ఆ స్థితిలోనే స్టీరింగ్ రెండువైపులా ఫుల్ లాక్ తిప్పి, చక్రాన్ని చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకూడదు. పట్టిందంటే ఆ లిఫ్ట్ మీ బండికి ఎక్కువ. చివర్న వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం. ఇవి చూపించడానికి అడ్డం తిరిగే షాపులో చేయించుకోకండి, ఎంత పేరున్నా సరే.

డిఫ్ డ్రాప్ అని ఇంకో కిట్ అమ్ముతారు. ముందు డిఫరెన్షియల్‌ని పాతిక మిల్లీమీటర్ల దాకా కిందికి దింపే స్పేసర్లు అవి. పనికొస్తాయి, వాలు కొంత తగ్గుతుంది, అంతేగానీ పూర్తిగా పోదు. దాని కోసం కింది బాష్ ప్లేట్ (రాళ్లు తగలకుండా అడుగున ఉండే పలక) కూడా దింపాలి, అంటే లిఫ్ట్‌తో సంపాదించిన ఎత్తులో కొంత అక్కడ పోయినట్టే. బోల్టులు పొడవువి వేస్తారు కాబట్టి వాటి తలమీద గ్రేడ్ అంకె చూడండి, పాత బోల్టు కంటే తక్కువ ఉండకూడదు. నా మాట అడిగితే రెండంగుళాలు దాటకండి. లంబసింగి, వంజంగి దారులకి మంచి టైర్లు, ఒకటిన్నర అంగుళం చాలు.

సెకండ్‌హ్యాండ్‌లో లిఫ్ట్ వేసిన బండి కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త. రాత్రిపూట, వాన పడ్డాక, అప్పుడే కడిగిన బండిని చూడొద్దు. స్టీరింగ్ ఒకవైపు ఫుల్ లాక్ తిప్పించి, టార్చితో చక్రం వెనక చూడండి. పైపై చూపు చాలదు. బూటు ముడతల్ని వేళ్లతో విడదీసి అడుగు దాకా చూడాలి. ముడత అడుగున వెంట్రుకంత గీత కనబడినా అది కొన్నాళ్లలో చిరిగే బూటే. రిమ్ము లోపల, షాక్ కింద, కింది ఆర్మ్ మీద గ్రీజు చారలు వెతకండి. ఖాళీ స్థలంలో ఫుల్ లాక్‌లో మెల్లగా గుండ్రంగా తిప్పితే టక్ టక్ మని వినబడితే బయటి జాయింటు పోయింది. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణుకు వస్తే లోపలి జాయింటు మీద అనుమానం. అప్పుడు బూటు మారిస్తే లాభం లేదు, యాక్సిల్ ఖర్చు బేరం ధరలోంచి తగ్గించమనండి.

మన ఊళ్లో ఉప్పుగాలి వల్ల బూటు రెండు అంచుల్నీ బిగించే క్లిప్పులు త్వరగా తుప్పు పడతాయి. బూటు బాగున్నా చిన్న వైపు క్లిప్పు వదులైతే గ్రీజు అక్కడినుంచి కారుతుంది. దాన్నే చిరిగిందని చెప్పి మొత్తం యాక్సిల్ మార్పించేవాళ్లున్నారు. ముందు క్లిప్పు చూడమనండి. తీరం వెంబడి ఇసుకలోకి బండి దింపొద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే నేల అది. చిరిగిన బూటులోకి ఒక్కసారి ఇసుక దూరితే ఆ జాయింటు కూడా మిగలదు.

బూటు మార్చే పని సగంసగం చేస్తే మళ్లీ ఖర్చే. యాక్సిల్ బయటికి తీయాలి. పాత గ్రీజు మొత్తం కడిగి, జాయింటులోని బంతులూ వాటి దారులూ ఆరాక చూడాలి. గుంటలు పడి ఉంటే జాయింటు మార్చాలి. కొత్త గ్రీజు మాలిబ్డినం కలిసిన సీవీ గ్రీజు మాత్రమే, కిట్‌లో వచ్చిన ప్యాకెట్ మొత్తం వేయాలి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు డబ్బాలోంచి తీస్తుంటే ఆపేయండి. చిన్న వైపు క్లిప్పు బిగించే ముందు బూటు అంచు కింద మొద్దు స్క్రూడ్రైవర్ దూర్చి గాలి వదలాలి. లేకపోతే బూటు ఉబ్బుతుంది, లేదా లోపలికి నొక్కుకుపోయి ముడతలు రాసుకుంటాయి. ప్లాస్టిక్ జిప్ టైలు వద్దు, స్టీలు క్లిప్పును దాని పకడుతోనే నొక్కాలి. హబ్ నట్టు కొత్తది, టార్క్ రెంచితో సర్వీసు మాన్యువల్ చెప్పినంత. యాక్సిల్ విప్పకుండా అతికించే చీలిక బూటు ఇంటికి చేరడానికి సరే, పాడేరు ఘాట్‌కి కాదు.

నడిపేటప్పుడు ఒక్కటి పాటించండి. ఫుల్ లాక్‌లో, ఒక చక్రం గాల్లో ఉండగా యాక్సిలరేటర్ తొక్కొద్దు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, లో రేంజ్‌లో (4x4 నెమ్మది గేర్లు) మెల్లగా లాగండి. బురదలోంచి వచ్చాక ముడతల్లో ఎండకముందే మామూలు గొట్టం నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్ దగ్గర్నుంచి కొట్టిస్తే నీళ్లు క్లిప్పు కిందినుంచి లోపలికి పోతాయి. ప్రతి 5,000 కిలోమీటర్లకి ఒకసారి వేళ్లతో విడదీసి చూడండి, ఆరిన ముడతల మధ్య కాస్త సిలికాన్ స్ప్రే కొట్టండి. డీజిల్, పాత ఇంజినాయిల్ పూయనివ్వకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్లు బిల్లు, కొలతలు, పాత బూటు, ఫోటోలు పెట్టుకుని ముందు షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, షాపుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు వేయాలి. బిల్లు లేకుండా చేయించుకున్న లిఫ్ట్‌కి అక్కడ వాదించడం కష్టం, అందుకే జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదులుకోకండి.