వైనరీ వ్యర్థజలానికి ఏఎస్ఎం3 మోడల్: చాలాకాలం వాడాక

వైనరీ (వైన్ తయారీ కేంద్రం) వ్యర్థజల శుద్ధి ప్లాంటును కంప్యూటర్‌లో లెక్కగట్టేటప్పుడు ఏ సిమ్యులేటర్ కొన్నామన్నది తర్వాతి మాట, లోపల ఏ మోడల్ నడుస్తోందో ముందు చూడాలి. ఏఎస్ఎం అంటే యాక్టివేటెడ్ స్లడ్జ్ మోడల్, బ్యాక్టీరియా బురద నీటిని శుద్ధిచేసే తీరును లెక్కగట్టే సమీకరణాల సమితి. 1987 నాటి ఏఎస్ఎం1ను ఊరి మురుగునీటి కోసం తయారుచేశారు. అక్కడ నత్రజనికి కరువుండదు. వైనరీ నీళ్లలో సీఓడీ (సేంద్రియ మలినాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) చాలావరకు చక్కెరలు, ఆల్కహాలు, సేంద్రియ ఆమ్లాలే. నత్రజని, భాస్వరం నామమాత్రం. ఏఎస్ఎం1లో హెటిరోట్రోఫ్‌ల (సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా) పెరుగుదలకూ అమ్మోనియాకూ ముడి లేదు కాబట్టి, అమ్మోనియా అయిపోయినా అవి పెరుగుతూనే ఉంటాయి. గ్రాఫులో అమ్మోనియా సున్నా కిందికి జారిందంటే కారణం ఇదే. అమ్మోనియా అయిపోతే పెరుగుదలను ఆపే అడ్డును కొన్ని సిమ్యులేటర్లు సొంతంగా చేర్చుకుంటాయి, సమీకరణాల పట్టిక తెరిస్తేగానీ తెలియదు.

1999 నాటి ఏఎస్ఎం3లో ఆ అడ్డు ఉంది. పైగా ఇందులో బ్యాక్టీరియా కరిగిన ఆహారాన్ని ముందు కణాల్లో దాచుకుని, తర్వాత పెరుగుతుంది. ద్రాక్ష నలిపే రోజుల్లో ట్యాంకులు కడగ్గానే విరుచుకుపడే భారానికి ఈ తీరే నప్పుతుంది.

నత్రజని కొరత తీర్చేందుకు వేసే యూరియా మోతాదుకు మోడల్ చెప్పిన అంకెను చేత్తో సరిచూసుకోవచ్చు. సీఓడీ 5,000 మి.గ్రా./లీ. ఉండి, క్షయం పోగా నికర దిగుబడి (సీఓడీలో కొత్త బురదగా మారే వంతు) 0.4 అనుకుంటే ఘనపు మీటరుకు 2,000 గ్రాముల సీఓడీకి సమానమైన కొత్త బురద వస్తుంది. అందులో నత్రజని 7 శాతం, అంటే 140 గ్రాములు. 46 శాతం యూరియా అయితే దాదాపు 300 గ్రాములు వేయాలి. ఏఎస్ఎం3లో కరిగిన సేంద్రియ నత్రజనికి వేరే గడి (చలరాశి) లేదు, యూరియాను అమ్మోనియాగానే ఎక్కించాలి. ఈ మోడల్‌లో భాస్వరం అసలే లేదు. అది నత్రజనిలో ఐదో వంతు, అంటే 28 గ్రాములు, విడిగా చూసుకోవాలి.

లోపలికొచ్చే నీటి ఫైలులో రోజువారీ సగటు పెట్టడం పెద్ద పొరపాటు. కడుగుడు రెండు మూడు గంటల్లో అయిపోతుంది. సగటు ఆ శిఖరాన్ని మింగేస్తుంది, బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం) చిన్నదైనా చాలన్నట్టు కనిపిస్తుంది. గంటగంట లెక్క కావాలి. అంతకుముందు ద్రాక్ష రాని కాలపు సగటుతో, బురద వయసుకు (బురద ట్యాంకులో సగటున ఉండే రోజులు) కనీసం మూడు రెట్ల రోజులు నడిపి స్థిరపరచాలి. లేదంటే పంట మొదలయ్యే రోజున ట్యాంకులో లేని బ్యాక్టీరియా ఉన్నట్టు తేలుతుంది.

క్షారత (ఆమ్లాన్ని తటస్థపరిచే శక్తి) దగ్గర మాత్రం నమ్మకం తక్కువ. టార్ట్రేట్ లవణాలు ఆక్సీకరణం చెందితే బైకార్బొనేట్ పుట్టి పీహెచ్ దానంతటదే లేస్తుంది. సేంద్రియ పదార్థమంతా ఒకే గడిలో ఉన్న మోడల్‌కు ఆ సంగతి తెలియదు. నిజం ప్లాంటులో లేని క్షారత కొరతను అది చూపవచ్చు.

ఆక్సిజన్, బురద పరిమాణం వరకు ఏఎస్ఎం3 భేషుగ్గా పనిచేస్తుంది. బురద దిగడం దీనికి అందని విషయం. పోషకాలు తగ్గితే తంతు బ్యాక్టీరియా, జిగురు పెరిగి బురద తేలిపోతుంది. బురద దిగడాన్ని లెక్కగట్టే టకాక్స్ సెటిలర్ మోడల్ మాత్రం మనమిచ్చిన వేగాలతోనే హాయిగా దించేస్తుంది. ఎస్‌వీఐ (బురద ఎంత బాగా దిగుతుందో చెప్పే సూచిక) వారానికోసారైనా కొలిచి, ఆ వేగాలను దానికి తగ్గట్టు మార్చాకే క్లారిఫయర్ (బురద దిగే ట్యాంకు) ఫలితం చదవాలి.