సబ్‌స్టాక్‌లో ఏడాదిన్నర: క్యాసెట్ షాపు ఖాతా పుస్తకం నుంచి శుక్రవారం ఉత్తరం దాకా

తెనాలి మారిస్‌పేటలో 1993 నుంచి 2006 దాకా నాకు వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. క్యాసెట్‌కి రోజుకి పది రూపాయలు అద్దె. పెళ్లిళ్ల సీజన్లో అయితే టీవీ, క్యాసెట్ ఆడించే వీసీపీ, మూడు సినిమాలు కలిపి రాత్రికి ఇచ్చేవాడిని. షాపుకొచ్చేవాళ్లలో సగం మంది సినిమా పేరు చెప్పేవాళ్లు కాదు. "అల్లుడొచ్చాడు, అందరం కూర్చుని చూసేది ఇవ్వు" అనేవారు. "పిల్లలు పడుకున్నాక చూస్తాం, మంచి సస్పెన్స్ ఏదన్నా ఉందా" అనేవారు. ఎవరికి ఏది నచ్చిందో ఖాతా పుస్తకంలో వాళ్ల మెంబరు నంబరు పక్కనే రాసుకునేవాడిని. "ఏడుపు వద్దు", "ఫైట్లు ఉండాలి", "అమ్మగారికి కన్ను ఆనదు, డబ్బింగే" అని చిన్న చిన్న మాటలు. ఆ పుస్తకాలు మూడు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఏడాదిన్నర కిందట సంక్రాంతికి ఊరొచ్చిన మా పాత కస్టమర్ల పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చారు. ఒకడు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి, ఇంకొకడు డాలస్‌లో ఉంటాడు. "అంకుల్, నాలుగు యాప్‌లకి డబ్బు కడుతున్నాం. శనివారం రాత్రి ముప్పావుగంట రిమోట్ తిప్పి, ఏదీ తేలక టీవీ కట్టేసి పడుకుంటున్నాం. మీరు చెప్పండి, అదే చూస్తాం" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ నెలలోనే సబ్‌స్టాక్‌లో, అంటే మనం రాసింది చేరినవాళ్లందరికీ మెయిల్‌లో పంపే సర్వీసులో, వారం వారం ఏ సినిమా చూడాలో చెప్పే ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పటికి 74 ఉత్తరాలు వెళ్లాయి, 386 మంది తీసుకుంటున్నారు. సినిమాల గురించో, ఇంకేదాని గురించో తెలుగులో న్యూస్‌లెటర్ మొదలుపెడదామనుకునే వాళ్లకి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. సబ్‌స్టాక్ 2017లో అమెరికాలో మొదలైన సర్వీసు. ఉత్తరం ఉచితంగా పంపినంత కాలం మన దగ్గర రూపాయి తీసుకోరు, ఎంతమంది చేరినా సరే. చందా పెడితేనే అందులో పది శాతం వాళ్లు తీసుకుంటారు, పేమెంట్ చార్జీలు అదనం. ఆ పేమెంట్లు స్ట్రైప్ అనే కంపెనీ ద్వారా జరుగుతాయి. స్ట్రైప్ 2024 నుంచి మన దేశంలో కొత్త ఖాతాలు ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇస్తోంది. కాబట్టి ఇండియాలో కూర్చుని నెలకి యాభయ్యో వందో చందా పెట్టి నడుపుదామనే ఆలోచన ఉంటే, ఆ దారి ముందే కనుక్కుని అడుగు వెయ్యండి. నాకు ఆ అవసరం రాలేదు. నా ఉత్తరం ఉచితం, అలాగే ఉంటుంది.

ఖాతా తెరిచి, పేరు పెట్టి, మొదటి ఉత్తరం పంపడానికి ఒక సాయంత్రం పట్టింది. మా అమ్మాయి పక్కన కూర్చుంది కానీ నిజానికి తన సాయం పెద్దగా అవసరం పడలేదు. మెయిల్ అడ్రసులు ఎక్సెల్ షీటులో ఉంటే ఒకేసారి ఎక్కించుకోవచ్చు. నేను మాత్రం మొదటి 63 మందికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, సరే అన్నాకే ఎక్కించాను. ఇది మీరూ చెయ్యండి. అడగకుండా పంపిన ఉత్తరాన్ని ఎవరన్నా స్పామ్ అని నొక్కితే, ఆ దెబ్బ ఇష్టపడి చేరినవాళ్లకి వెళ్లే ఉత్తరాల మీద కూడా పడుతుంది.

తెలుగు రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. ఒత్తులు విరగడం, గుణింతాలు గాల్లో తేలడం ఒక్కసారి కూడా చూడలేదు. దీనికి ముందు రెండు వారాలు వేరే సర్వీసు ఒకటి వాడి చూశాను. అందులో హెడ్డింగు లావు అక్షరాల్లో పెడితే 'స్త్రీ' అనే మాట మూడు ముక్కలయ్యేది. ఉత్తరం మొత్తం ఫోన్లో మాట్లాడి టైపు చేయించుకుని, తర్వాత కళ్లజోడు పెట్టుకుని తప్పులు దిద్దుకునే నాలాంటి వాడికి అక్షరం నిలవడం చాలా పెద్ద విషయం.

ఒక్క జాగ్రత్త మాత్రం తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. జీమెయిల్ సుమారు 102 కేబీ, అంటే లక్ష బైట్ల పైచిలుకు సైజు, దాటిన మెయిల్‌ని అక్కడితో కత్తిరించి, మిగతాది చూడటానికి కింద చిన్న లింకు పెడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి కంప్యూటర్ ఒక్క బైట్ తీసుకుంటే తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. 'కి' అని రాస్తే క ఒకటి, గుడి ఒకటి, మొత్తం ఆరు బైట్లు. అంటే అదే పొడవున్న ఇంగ్లీషు ఉత్తరం కంటే మనది చాలా ముందుగా ఆ గీత దాటుతుంది. నా మొదటి దసరా ఉత్తరంలో ఇరవై ఆరు సినిమాల గురించి రాశాను. పొడవు ఎక్కువైందని రాసేటప్పుడే హెచ్చరిక కనిపించింది, నేనే పట్టించుకోలేదు. చాలామందికి పద్నాలుగో సినిమా దగ్గరే ఆగిపోయింది. కింద లింకు ఉంటుందని మన పెద్దవాళ్లకి ఎవరు చెప్తారు? అప్పటినుంచి ఉత్తరానికి ఐదు సినిమాలు, అంతకి మించి లేదు. అదే మేలయింది. ఇరవై ఆరు పేర్లు ఇస్తే మళ్లీ రిమోట్ తిప్పినట్టే కదా.

టైము పెట్టుకుని పంపే సౌకర్యం ఉంది. గురువారం రాత్రికి, శుక్రవారానికి కొత్త సినిమాలు యాప్‌ల్లోకి వచ్చేస్తాయి. ఇప్పుడు చాలా తెలుగు సినిమాలు థియేటర్లో పడిన నాలుగు వారాలకే వస్తున్నాయి. శుక్రవారం పొద్దున చూసి, మధ్యాహ్నం రాసి, సాయంత్రం ఆరింటికి వెళ్లేట్టు పెడతాను. అది డాలస్‌లో వేసవిలో పొద్దున ఏడున్నర. వాళ్లు ఆఫీసుకి బయల్దేరేలోపు ఉత్తరం చేతికొస్తుంది.

ఇక ఉత్తరం పాఠకుడి కంటికి చేరడం దగ్గర ఉన్న కష్టం. జీమెయిల్లో ఇలాంటి ఉత్తరాలు ప్రమోషన్స్ అనే అరలోకి పోతుంటాయి, ఆ అర తెరిచేవాళ్లు తక్కువ. కొత్తగా చేరినవాళ్లకి దానంతట అదే వెళ్లే స్వాగతం ఉత్తరంలో "చేరింది అని ఒక్క మాట జవాబు రాయండి" అని పెట్టాను. అలా రాసినవాళ్లకి తర్వాతి ఉత్తరాలు ఎక్కువగా ముందు అరలోనే పడుతున్నాయి. ఇంత చేసినా మా ఊళ్లో యాభై దాటిన చాలామందికి మెయిల్ అంటే బ్యాంకు ఓటీపీ కోసం పెట్టుకున్నదే. వాళ్లకి ఉత్తరం లింకు వాట్సాప్‌లో పంపుతాను. నొక్కితే లాగిన్ లేకుండానే చదువుకోవచ్చు.

"మరి వాట్సాప్ గ్రూపే పెట్టొచ్చుగా" అని అందరూ అడుగుతారు. పెట్టి చూశాను. రెండో వారానికి గుడ్ మార్నింగ్ పూలు, ఎన్నికల వీడియోలు వచ్చి పడ్డాయి, ఐదు సినిమాల మాట అడుగున పడిపోయింది. దానికంటే పెద్ద కారణం ఇంకోటుంది. గ్రూపులో ఎవరూ తమ మనసులో మాట చెప్పరు. సబ్‌స్టాక్ ఉత్తరానికి రిప్లై కొడితే అది నేరుగా నా మెయిల్‌కి వస్తుంది, ఇంకెవరికీ కనబడదు. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. షాపు కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగే మాటలు మళ్లీ నాకు వినిపిస్తున్నాయి.

ఒకావిడ రాసింది: "మా ఆయన పోయి నాలుగు నెలలు. సినిమా చూడాలని ఉంది కానీ అందులో ఎవరూ పోకూడదు." ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ట్రైలర్‌లో నవ్వులున్నా రెండో సగంలో తండ్రో భర్తో చనిపోయే సినిమాలు మనకెన్నో. మూడు పేర్లు పంపాను. మూడూ నేను చివరిదాకా మళ్లీ చూశాకే పంపాను. ఇంకొకాయన, పక్షవాతం వచ్చిన తండ్రి సబ్‌టైటిల్స్ అందుకోలేకపోతున్నాడని, తెలుగు ఆడియో ఉన్న మలయాళం సినిమాలు చెప్పమన్నారు. ఆ రెండు జవాబుల తర్వాత నా ఉత్తరం రూపమే మారింది. కథ రెండు వాక్యాల్లో చెప్పి, ఆ కింద ఇవి తప్పకుండా రాస్తాను: ఎన్ని నిమిషాలు, తెలుగు ఆడియో ఉందా లేదా, ఎవరన్నా చనిపోతారా, పిల్లలు లేచి వెళ్లాల్సిన సీను ఏ నిమిషంలో వస్తుంది. 2021 నాటి ఐటీ రూల్స్ ప్రకారం యాప్‌లు ప్రతి సినిమాకీ యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తు చూపించాలి. అది మంచిదే. కానీ 16+ అని ఉంటే అది రక్తం వల్లో, బూతు వల్లో, పడగ్గది వల్లో తాతయ్యకి తెలిసేదెలా? గుర్తు పక్కన కారణం కూడా ఇస్తారు కానీ అది మొదటి కొన్ని సెకన్లలో ఒక మూల ఇంగ్లీషులో వచ్చి పోతుంది. చూసినవాడు చెప్పాల్సిందే.

నావల్ల జరిగిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. మొదట్లో నేను వాటిలో ఒకదాన్ని చూసి రాసేవాడిని. అలా ఒక పాత సినిమా ఫలానా యాప్‌లో ఉందని రాస్తే, అది చూడటానికి ముగ్గురు ఆ యాప్‌కి నెల డబ్బు కట్టారు. తీరా ఆ సినిమా అమెరికాలోనే ఉంది, ఇక్కడ లేదు. హక్కులు దేశాన్ని బట్టి అమ్ముతారు కాబట్టి ఒకే యాప్‌లో మనకి కనిపించేది అక్కడ కనిపించదు, అక్కడిది ఇక్కడ కనిపించదు. పైగా ఒప్పందం గడువు అయిపోతే ఉన్న సినిమా కూడా పోతుంది. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి క్షమించమన్నాను. ఇప్పుడు ప్రతి సినిమా నేనే యాప్ తెరిచి, ప్లే నొక్కి, రెండు నిమిషాలు నడిచాకే రాస్తాను. పక్కన ఏ తేదీన చూశానో ఉంటుంది. డాలస్ కుర్రాడు అక్కడ చూసి చెప్తాడు, 'అమెరికాలో ఉంది, లేదు' అన్నది అతని మాట మీదే రాస్తాను. తెలుగు సినిమా ఇప్పుడు పెద్ద యాప్‌ల్లోనే కాక ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ లాంటి చోట్ల కూడా పంచుకుని ఉంది. పాతవైతే హక్కులున్నవాళ్లే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టినవి వందల కొద్దీ ఉన్నాయి. ఉచితంగా దొరికేదాన్ని నేనెప్పుడూ ముందు రాస్తాను. నెలకి ఇంకో చందా కట్టించడం నాకిష్టం ఉండదు.

ఎంతమంది తెరిచారు, ఏ లింకు నొక్కారు అనే లెక్కలు సబ్‌స్టాక్ చూపిస్తుంది. మొదటి నెలల్లో రోజుకి నాలుగుసార్లు చూసి టెన్షన్ పడ్డాను. యాపిల్ ఫోన్ల మెయిల్ 2021 నుంచి ఉత్తరంలోని బొమ్మల్ని మనిషి చదవకముందే తెచ్చుకుంటుంది, దాంతో చదవనిది కూడా చదివినట్టు లెక్కలోకి వస్తుంది. అది తెలిశాక చూడటం మానేశాను. జవాబులు ఎన్ని వచ్చాయో లెక్కపెడతాను. వారానికి పది, పన్నెండు వస్తాయి.

మొత్తం మీద, తెలుగులో వారం వారం రాయాలనుకునేవాళ్లకి, రాసేదాని మీద సంపాదన ఆశించనివాళ్లకి, సబ్‌స్టాక్‌ని ధైర్యంగా చెప్తాను. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ, యూపీఐలో పది రూపాయలు ఇచ్చే అలవాటున్న మన పాఠకుడికీ మనకీ మధ్య తేలిక దారి లేనందుకు. ఉత్తరం మీద బతకాలనుకునే కుర్రాళ్లకి అది చిన్న లోటు కాదు.

కిందటి నెల మెల్‌బోర్న్ నుంచి ఒక జవాబు వచ్చింది. "అంకుల్, మా నాన్నగారు మీ షాపులో మెంబరు. ఆయన పేరు పక్కన మీరు ఏం రాసుకున్నారో ఉందా?" రెండో పుస్తకంలో దొరికింది. మెంబరు నంబరు 117. "ఆదివారం రాత్రి. పౌరాణికం. పాటలు కోసిన కాపీ ఇవ్వొద్దు." ఆ పేజీ ఫొటో తీసి పంపాను. వెంటనే మళ్లీ రాశాడు, వాళ్లమ్మాయికి 'మాయాబజార్' చూపిస్తాడట, ఎక్కడ చూడాలి అని. 1957 నాటి ఆ సినిమాని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు. అందుకే, ఎక్కడ దొరికినా ముందు మొత్తం ఎన్ని నిమిషాలుందో చూసుకో, మూడు గంటలు దాటి ఉంటే అది నలుపు తెలుపు పూర్తి సినిమా, నాన్నగారు అడిగేది అదే అని రాశాను. సోమవారం జవాబొచ్చింది. పాప విశ్రాంతి దాకా మెలకువగా ఉందట, మిగతాది వచ్చే ఆదివారం చూస్తారట. కొత్త పుస్తకం ఒకటి కొని 117 దగ్గర ఆ పాప పేరు రాశాను.