మిద్దె తోట కిట్టు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

సేల్ వచ్చిన ప్రతిసారీ అక్కర్లేనివి కొనే జబ్బు తగ్గించుకుందామని, ఖర్చులేని సరదా అంటూ మొక్కల్లోకి దిగాను. దిగిన రోజే 1,799 రూపాయలు పోశాను. నవ్వుకోండి, పర్లేదు. మీరు మాత్రం ఆ గోతిలో పడకండి.

"45 రకాల విత్తనాలు, 10 గ్రో బ్యాగులు, కోకోపీట్, పనిముట్లు, అన్నీ ఒకే పెట్టెలో" అని ఫోన్లో ప్రకటన. మాది విజయవాడలో అద్దె ఇల్లు. మిద్దె మీద ఓ మూల వాడుకోమన్నారు ఓనరుగారు. మే రెండో వారంలో పెట్టె దిగింది.

45 రకాలంటే 45 చిటికెడు పొట్లాలు. కొన్నింట్లో ఎనిమిదే గింజలు. పైన రంగుల బొమ్మ తప్ప లాట్ నంబరు లేదు, మొలక శాతం లేదు, పరీక్షించిన తేదీ లేదు. విత్తనం కొనేటప్పుడు ముందు చూడాల్సినవి ఆ మూడే. ఇక రకాలు చూడండి: క్యారెట్, కాలీఫ్లవర్, స్ట్రాబెర్రీ. ఎండకు మనుషులే మాడిపోయే మే నెలలో, బెజవాడ మిద్దె మీద! "నీలం స్ట్రాబెర్రీ" అని ఇంకో పొట్లం. ఆ రంగు పండు బొమ్మల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. దాచడం దేనికి, అదీ నాటాను. మూడు వారాలకు ఏదో గడ్డి లేచింది.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఇటుక 650 గ్రాములు. నానబెడితే ఎనిమిది, తొమ్మిది లీటర్లు అయింది. పది బ్యాగుల్లో ఒక్కటే నిండింది. పైగా దాంట్లో మొక్కకు తిండి ఉండదు, తేమ పట్టి ఉంచడమే దాని పని. పశువుల ఎరువో వర్మికంపోస్టో కలపాలి. ఆ ముక్క పెట్టె మీద ఎందుకు రాయలేదో తర్వాత తెలిసింది. మొలకలు రాలేదని వాట్సాప్‌లో అడిగితే "మేడమ్, మా బూస్టర్ వాడలేదా?" అన్నారు. అది 649. తర్వాత "స్పెషల్ మిక్స్" 899. రెండూ కొన్నాను. మొత్తం 3,347 రూపాయలకు నాలుగు బెండ మొక్కలు.

డబ్బు వెనక్కి అడిగితే పెట్టె తెరిచిన వీడియో ఏదన్నారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నాకు జవాబే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

ఈలోగా కింది వాటాలో పిన్నిగారు నా బ్యాగులు చూసి జాలిపడి, చేపల మార్కెట్ నుంచి రెండు థర్మాకోల్ పెట్టెలు తెప్పించారు. అడుగున చిల్లులు పొడిచి మట్టి, ఎరువు నింపాం. వంటింటి మెంతులు గుప్పెడు చల్లితే మూడో రోజుకే మొలకలు. పుదీనా కాడలు, బచ్చలి తీగ ముక్కలు, పొన్నగంటి కాడలు గుచ్చితే చాలు, వేళ్లు పట్టాయి. ధనియాలు మాత్రం ఎండలు తగ్గాక, బద్దలయ్యేలా నలిపి వేయమన్నారు.

ఆర్డర్ పెట్టేసి ఉంటే, రద్దు చేసే వీలుంటే ఈరోజే చేయండి. పెట్టె వచ్చేస్తే వీడియో తీస్తూ తెరవండి. మట్టిలో వేసేముందు బెండ, చిక్కుడు లాంటివి పది గింజలు తడిగుడ్డలో మూటకట్టండి. వారానికి ఆరేడైనా మొలవకపోతే ఫొటో తీసి వెంటనే ఫిర్యాదు పెట్టండి. బూస్టర్ మాత్రం కొనకండి.