కాలేజీ రేసు కారు మీద ఆకుపచ్చ మాట: ఎలక్ట్రిక్‌కా, ఇథనాల్‌కా, లారీకా?

దసరా సెలవులు అయిపోయేసరికి బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల రేసింగ్ టీముల పిల్లలు ఫైళ్లు చంకన పెట్టుకుని షోరూములూ ఆఫీసులూ తిరగడం మొదలెడతారు. జనవరిలో కోయంబత్తూరు కరి ట్రాక్ మీద ఫార్ములా భారత్ అనే విద్యార్థుల రేసు కార్ల పోటీ ఉంటుంది, ఆలోపు డబ్బు చేతికి రావాలి. ఈమధ్య ఇచ్చేవాళ్లు అడిగేది ఒకటే: "సరే ఇస్తాం, కారు మీద మా పేరు పక్కన పర్యావరణం గురించి ఓ ముక్క ఉండాలి. ఎలక్ట్రిక్ టీముకిస్తే మేలా, ఇథనాల్ పోసి నడిపేవాళ్లకిస్తే మేలా?" (పచ్చ అని ఊరికే అంటే మన దగ్గర వేరే అర్థం వస్తుంది కాబట్టి ఆకుపచ్చ అనే అందాం.)

ముందు ఎలక్ట్రిక్ సంగతి. చూడ్డానికి ఇదే సుళువు. పొగ గొట్టం లేదు, కాబట్టి "కాలుష్యం లేని కారు" అని రాసేస్తారు. రాసేవాళ్లు ఒక్కసారి ఇబ్రహీంపట్నం వైపు చూస్తే చాలు. నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 2,560 మెగావాట్లది, బొగ్గుతో నడుస్తుంది. దేశం మొత్తం గ్రిడ్ సగటు చూసినా యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగుకు చార్జింగ్ నష్టాలతో కలిపి 6 యూనిట్లు అనుకుంటే 4 కిలోల పైచిలుకు. అదే 390 సీసీ ఇంజిన్ వేసిన పెట్రోలు కారు 3 లీటర్లు తాగితే, లీటరుకు 2.3 కిలోల చొప్పున 7 కిలోలు. ఎలక్ట్రిక్కే మెరుగు, అందులో అనుమానం లేదు. కానీ తక్కువ వేరు, లేకపోవడం వేరు. "ట్రాక్ మీద పొగ లేదు" అంటే నిజం. "కాలుష్యం లేదు" అంటే అబద్ధం.

ఎలక్ట్రిక్ కారుకు డబ్బిచ్చేవాళ్లు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. మొదటి ఏడాది టీములు ఎక్కువగా ఆగిపోయేది ట్రాక్ మీద కాదు, టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ దగ్గర. కరెంటు కారు బాడీలోకి లీకవుతుందేమో చూసే ఇన్సులేషన్ మానిటర్ అలారం కొట్టడం, బ్యాటరీ పెట్టె కొలతలు, తడి పరీక్షలో నీళ్లు దిగడం. కారు ఒక్క ల్యాప్ కూడా తిరక్కుండా పిట్‌లోనే ఉండిపోతే మీ స్టిక్కరూ పిట్‌లోనే ఉంటుంది.

ఇథనాల్ మాట కృష్ణా, గుంటూరు మొక్కజొన్న రైతులకు నచ్చుతుంది. వినడానికీ బాగుంటుంది. చిక్కేమిటంటే, ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లోనే 20 శాతం ఇథనాల్ ఉంది. రోడ్డు మీద ప్రతి స్కూటరూ తాగుతున్నదాన్ని రేసు కారు మీద ఘనంగా రాస్తే నవ్వుతారు. ప్రత్యేకంగా చెప్పుకోవాలంటే ఈ85, అంటే 85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం వాడాలి. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోల్లో మూడింట రెండొంతులే, అందుకని ఇంజెక్టర్లు దాదాపు మూడో వంతు ఎక్కువ ఇంధనం పోయగలగాలి. ఎప్పుడు ఎంత ఇంధనం పోయాలో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పే మ్యాపింగ్ మొత్తం మళ్లీ చేయాలి. మామూలు రబ్బరు పైపులు ఉబ్బుతాయి. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మన కోస్తా ఉక్కపోతలో సగం ఖాళీ డబ్బా మూత వదులుగా ఉంచితే వారానికే తేడా తెలుస్తుంది. పైగా ఎఫ్ఎస్ఏఈ (విద్యార్థుల రేసు కార్ల అంతర్జాతీయ పోటీ) నియమాల్లో ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇరుకు దారి, అంటే రిస్ట్రిక్టర్, పెట్రోలుకు 20 మిల్లీమీటర్లయితే ఈ85కు 19 మాత్రమే. ఆ ఏటి ఫార్ములా భారత్ రూల్ బుక్‌లో ఏ ఇంధనం ఒప్పుకున్నారో చూడకుండా స్టిక్కరు ప్రింటుకు ఇవ్వొద్దు.

ఇక అసలు విషయం లారీ. బెజవాడ నుంచి కోయంబత్తూరు సుమారు 950 కిలోమీటర్లు, రానూ పోనూ 1,900. చిన్న లారీ లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చినా 210 లీటర్ల డీజిల్. లీటరుకు 2.7 కిలోలు వేసుకుంటే 570 కిలోల దాకా. కారు ఎండ్యూరెన్స్‌లో 4 కిలోలు వదిలిందా 7 కిలోలు వదిలిందా అని కొట్టుకుంటున్నాం, పక్కనే 570 కిలోలు కూర్చుని ఉన్నాయి. టెస్టింగ్ పరుగులు పదింతలు కలుపుకున్నా లారీయే పెద్దది.

ఇది మన చిన్న టీముల లెక్కే అనుకోవద్దు. ఫార్ములా వన్ 2019లో వేసుకున్న సొంత లెక్కలో మొత్తం 2,56,551 టన్నులు తేలితే, కార్ల ఇంజిన్ల వాటా 0.7 శాతం, సరుకు రవాణాది 45 శాతం. అయినా అక్కడ ఎక్కువ చప్పుడు ఇంధనం గురించే. 2026 నుంచి కార్లలో నూరు శాతం సుస్థిర ఇంధనం. మంచిదే, కానీ అది ఆ 0.7 శాతాన్ని తగ్గించే పని. ఫార్ములా ఈలోనూ కార్లు కరెంటువే గానీ ఊరూరికీ సామాను మోసుకుపోవడం తప్పదు.

కారు, మాట, డబ్బు మూడూ ఒకే దిక్కు చూడకపోతే ఏమవుతుందో పెద్దవాళ్లనే చూడొచ్చు. 2007లో ఫార్ములా వన్‌లో హోండా టీము, స్పాన్సర్‌గా ఉన్న సిగరెట్ కంపెనీ వెళ్లిపోయాక, స్పాన్సర్ల పేర్లు తీసేసి కారంతా భూగోళం బొమ్మ వేసింది. ఇంజిన్ మాత్రం అందరిలాంటిదే. ఆ సీజన్లో వచ్చినవి 6 పాయింట్లు, 2008 డిసెంబరులో హోండా తప్పుకుంది. 2022లో కెనడాలో ఫార్ములా వన్ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ చమురు కోసం చేసే తారు ఇసుక తవ్వకాల మీద నిరసన రాతలు వేసుకొచ్చాడు. మాట సరైనదే, కానీ అతని టీము పేరులోనే సౌదీ చమురు కంపెనీ ఆరాంకో ఉంది. జనం తవ్వకాల సంగతి వదిలి ఆ పేరునే పట్టుకున్నారు. ఏబీబీ 2018 నుంచి ఫార్ములా ఈకి పేరిచ్చినప్పుడు ఆ ఇబ్బంది లేదు, అది చార్జర్లు తయారుచేసే కంపెనీ.

కాబట్టి స్కూటర్ల షోరూమో, సోలార్ ప్యానెళ్ల వ్యాపారమో అయితే ఎలక్ట్రిక్ టీముకే ఇవ్వండి, అతుకుతుంది. ఆటోనగర్ విడిభాగాల వ్యాపారి, మిర్చి ఎగుమతిదారు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు అయితే నా ఓటు లారీకే. టీము ఏ ఇంధనంతో నడిచినా ఫర్వాలేదు, రవాణా ఖర్చు మీరు పెట్టుకుని, దాన్ని తగ్గించి చూపించండి. తగ్గించే దారులు రెండు. కోయంబత్తూరు నుంచి మోటార్లు, పంపుసెట్లు తెచ్చి ఇక్కడ దింపి ఖాళీగా తిరిగెళ్లే లారీని బ్రోకరు ద్వారా పట్టుకోవడం మేలైనది. ఆ బండి ఎలాగూ వెళ్లేదే. తేదీ మాత్రం మన చేతిలో ఉండదు, రెండు రోజులు ముందే కారు సిద్ధంగా ఉండాలి. అది కుదరకపోతే రెండు కాలేజీలు కలిసి 24 అడుగుల కంటైనరు మాట్లాడుకోవాలి. మూడేసి మీటర్ల కార్లు రెండు పట్టి పనిముట్ల పెట్టెలకు చోటు మిగులుతుంది. పెద్ద బండి మైలేజీ తక్కువ కాబట్టి ఆదా కొంచెమే. బ్యాటరీ ఉన్న కారైతే బ్యాటరీ కరెంటును తెంచే హై వోల్టేజ్ డిస్‌కనెక్ట్ పీకి, ప్యాక్ విడిగా బిగించి పంపాలి.

ల్యాపుకో మొక్క నాటతామనే బాపతు ఒకటుంది. మే నెలలో ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరో ముందు తేల్చుకుని అప్పుడు రాయండి.

స్టిక్కరు మీద మాట రాసేటప్పుడు చట్టం గుర్తుండాలి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణ మేలు ఉన్నట్టు చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. "పర్యావరణ హితం", "గ్రీన్" లాంటి ఊరికే వాడే మాటలకు ఆధారం చూపాలి, వివరం క్యూఆర్ కోడ్‌లోనో వెబ్ లింకులోనో పెట్టాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా ఉంది. "భూమి కోసం మేము" కంటే "ఈ కారు ఖాళీ తిరుగు లారీలో వచ్చింది, డీజిల్ లెక్క ఇక్కడ" అన్నది చిన్న మాటే, కానీ నిలబడుతుంది. లారీ బిల్లు, తూకం చీటీ, కిలోమీటర్ల ఫొటో ఆ పేజీలో పెట్టండి.

క్యూఆర్‌ను కారు ముక్కు మీద వేయించొద్దు. వంపు మీద ఫోను చదవదు, పైగా చవక వినైల్ ఎండకు కుంచించుకుపోయి అంచులు లేస్తుంది. కారు పక్కనుండే సైడ్ పాడ్ మీద చదునైన చోట, కారు నంబరుకూ నిర్వాహకుల స్టిక్కర్లకూ వదలాల్సిన జాగా వదిలి, తెలుపు మీద నలుపుతో కనీసం 5 సెంటీమీటర్లు. మెరుపు లామినేషన్ వద్దు, మ్యాట్ అడగండి. కోయంబత్తూరు మధ్యాహ్నం ఎండలో మెరుపు కాగితం మీద ఫోనుకు కనిపించేది సూర్యుడే.